అంచుదాకా పోసిన టీ

అక్మరాల్ చేసిన తప్పు చూడ్డానికి చిన్నదే. కాబోయే అత్తగారికి కప్పు నిండా టీ పోసింది.

కజకుల నగరం అల్మాటీలో అంతకన్నా పెద్ద అవమానం చేయాలంటే కష్టపడాలి. సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని. అంచుదాకా పోస్తే, తాగేసి ఇక దయచేయమని!

అందరూ గౌరవంగా రౌశన్ ఆపా అని పిలిచే ఆ పెద్దావిడ అప్పుడు తన పెళ్లినాటి మంచు తుఫాను గురించి చెబుతోంది. అక్మరాల్ మనసు ఆ మంచులోకి ఎప్పుడో వెళ్లిపోయి, పాపం గుర్రాలు ఏమయ్యాయో అని వెతుకుతోంది. చెయ్యి మాత్రం పోస్తూనే ఉంది.

"సరే తల్లీ, అర్థమైంది," అంటూ ఆవిడ శాలువా సర్దుకుని లేచింది. కొడుకు మీరాస్ నవ్వలేక, ఏడవలేక తల్లి వెంట నడిచాడు.

మర్నాడు ఇద్దరూ పార్కులో కలిశారు.

"మా అమ్మని అంత తొందరగా లేపినవాళ్లు మా వంశంలోనే లేరు తెలుసా?"

"నవ్వకు మీరాస్. నేనింతే. ఫోను చేతిలో పెట్టుకుని ఫోను వెతుకుతాను. నీ పుట్టినరోజు కూడా మర్చిపోయాను. మీ అమ్మ ఎలాగూ ఒప్పుకోదు. నన్ను వదిలెయ్."

మీరాస్ బడిలో లెక్కల మాస్టారు. నవ్వు ఆపి అడిగాడు.

"మీ తమ్ముడికి ధ్యాస నిలవని ఆ ఏడీహెచ్‌డీ ఉందని ఎలా కనిపెట్టారు?"

"బడి పైకప్పు ఎక్కాడు. ఇంకెలా?"

"మొన్న మా బడికొచ్చిన డాక్టరమ్మ అలాంటి పిల్లల పేర్లు రాసివ్వమంది. ఇరవై పేర్లు రాశాను, అందరూ మగపిల్లలే. 'ఆడపిల్లలు బుద్ధిగా కూర్చుంటారండీ' అన్నాను. 'కూర్చున్నది ఒళ్లయ్యా, మనసు కూర్చుందో లేదో చూశావా?' అని డాక్టరమ్మ గడ్డి పెట్టింది. అప్పుడు నువ్వే గుర్తొచ్చావు."

అక్మరాల్‌కి ఒళ్లు మండింది. "అంటే మీ అమ్మకి చూపించడానికి నాకో జబ్బు కావాలా?"

"అయ్యో, అది కాదే..."

వినిపించుకోకుండా వెళ్లిపోయింది. కానీ ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. వారం తిరక్కుండా ఒక్కతే వెళ్లి ఆ డాక్టరమ్మ ముందు కూర్చుంది.

పాత మార్కుల పుస్తకాలు తెమ్మందావిడ. ఏటా టీచర్లు రాసింది ఒకటే మాట, తెలివైనదే కానీ పరధ్యానం అని. మూడుసార్లు పిలిచి మాట్లాడాక డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

"నీదీ మీ తమ్ముడిదీ ఒకటేనమ్మా. వాడు పైకప్పు ఎక్కాడు, నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు. అల్లరి చేయలేదు కాబట్టి నిన్నెవరూ పట్టించుకోలేదు."

ఇన్నేళ్లూ తనని తాను సోమరిపోతుననీ, పనికిమాలినదాననీ తిట్టుకున్న పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తుంటే ఎంత హాయిగా ఉందో!

అట్నుంచి అటే మీరాస్ ఇంటికి వెళ్లి, రౌశన్ ఆపాకి అంతా చెప్పింది.

"ఆ రోజు తప్పు నాదే ఆపా, క్షమించండి. మందులు వాడినా ఇకముందు కూడా కొన్ని మర్చిపోతాను. తెలిసే ఒప్పుకోండి, లేదంటే మానేయండి. కానీ మీ అబ్బాయంటే నాకు ప్రాణం. అది మాత్రం మర్చిపోను."

మీరాస్ చెవులు ఎర్రబడ్డాయి.

"ముప్పయ్యేళ్లుగా మా ఆయన నన్ను మతిలేనిదానా అనే పిలుస్తాడు," అంది ఆపా. "ఒకసారి వీణ్ణి బజారులో ఉల్లిపాయల కొట్టు దగ్గర మర్చిపోయి ఇంటికొచ్చేశాను."

"రెండుసార్లు," అన్నాడు మీరాస్.

"నువ్వు నోరుముయ్యి. అమ్మాయ్, ఆ డాక్టరమ్మ నా వయసువాళ్లని కూడా చూస్తుందా?"

"చూస్తారు ఆపా. నేను తీసుకెళ్తాను."

ఆవిడ కళ్లు తుడుచుకుని లేచింది. "ఉండు, నీ చెవులకి కమ్మలు పెడతాను. సంబంధం ఖాయం చేసుకోవాలి కదా." లోపలికి వెళ్లింది. ఎంతకీ రాలేదు.

"ఒరేయ్ మీరాస్! ఆ కమ్మలు జాగ్రత్తగా ఎక్కడ పెట్టానురా?"

ముగ్గురూ ఇల్లంతా గాలించారు. చివరికి బియ్యం డబ్బా అడుగున అక్మరాల్ చేతికే దొరికాయి.

"అక్కడ వెతకాలని నీకెలా తోచిందే?" అని ఆపా నోరెళ్లబెట్టింది.

"నేనైతే అక్కడే దాస్తాను అత్తయ్యా."