లీకు దీపం

కాశిబుగ్గలో మగ్గాల ఇళ్ల వరస చివర మీరా సాహెబ్ షెడ్డు ఉండేది. అసలు పని ఫ్రిజ్‌ల రిపేరు. ఏసీ ఉన్న కార్లు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న కాలం అది. వాటిలో ఏది చెడినా ఆయన దగ్గరికే వచ్చేది. భార్య గౌసియా బేగం పోయాక వంట, పడక అన్నీ షెడ్డులోనే. పని ముగిసి బండి వెళ్లిపోతే మాట్లాడటానికి మనిషి ఉండడు. అందుకే ఆయన రిపేరు కాస్త నెమ్మదిగా చేస్తాడని కొందరు అనేవారు.

1983 మే నెలలో ఒక మధ్యాహ్నం ఎల్లస్వామి తెల్ల అంబాసిడర్ తెచ్చి ఆపాడు. అతను రైస్‌మిల్లు సారంగపాణి దగ్గర డ్రైవరు.

"ముందట ఉడుకు కొడ్తాంది సాబ్. ఎనుక మాత్రం సల్లగనే ఉంటాంది. ఏసీ బంద్ జేసినా."

"ముందట ఉడుకు, ఎనుక సలి. ఇది కారా, మీ సేటు సంసారమా?"

ఎల్లస్వామి నవ్వలేదు.

మీరా సాహెబ్ బానెట్ ఎత్తి గేజీ తగిలించాడు. ముల్లు కదల్లేదు. గొట్టాల్లో గ్యాసు బొత్తిగా లేదు. గ్యాసు లేకుండా చల్లదనం ఎక్కడిది? వెనక తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాడు. దిగుడుబావి అడుగున ఉండే చలి. దానితోపాటు పాత జిందా తిలస్మాత్ మందు వాసన.

"ఇక్కడ ఎవరు కూసుంటరు?"

"మా పెద్దమ్మ. సేటు తల్లి, లక్ష్మీనర్సమ్మ." ఎల్లస్వామి గొంతు తగ్గించాడు. "పోయిన ఎండాకాలం పాలంపేట నుంచి వస్తాంటె తొవ్వల ఏసీ ఆగిపాయె. వడదెబ్బ. దవాఖానకు చేరకముందే ఆ మూలకు ఒరిగిపోయింది."

మీరా సాహెబ్ చెయ్యి బయటికి తీసుకున్నాడు.

"తలుపు తీసినప్పుడల్లా 'సల్లగుండు బిడ్డా' అనేది. నన్ను బిడ్డా అనేటోళ్లు ఇంకెవ్వలు లేరు సాబ్. ముందటిది బాగజెయ్. ఎనుకది ముట్టకు."

"పాత గాలి మొత్తం గుంజకుంట కొత్త గ్యాసు ఎక్కియ్యద్దు. సగం పని నేను చెయ్య."

"జర ఆలోచించు."

"సేటుకు నువ్వు జవాబు జెప్తవా?"

ఎల్లస్వామి బయటికి పోయి గోడ నీడన కూర్చున్నాడు.

మీరా సాహెబ్ షట్టర్ దించాడు. లీకు పట్టే దీపానికి చీకటి కావాలి. చిన్న సిలిండర్ మీద నీలంగా వెలుగుతుంది. దానికి సన్నని రబ్బరు గొట్టం ఒకటి. గొట్టం కొన గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలిలో ఏసీ గ్యాసు ఉంటే మంట ఆకుపచ్చగా మారుతుంది. లేకపోతే మారదు. ఆ దీపం అంతవరకు ఆయనతో అబద్ధమాడలేదు.

గొట్టాల్లోకి కొంచెం గ్యాసు వదిలి వెతికాడు. కంప్రెసర్ దగ్గర అతుకులో మంట పచ్చబడింది. వాషర్ మార్చాడు. నీలం. అక్కడితో ఆపవచ్చు. కానీ వెనక తలుపు ఇంకా తెరిచే ఉంది.

వెనక సీట్లో ఏసీ గొట్టాలేవీ లేవు. లీకవడానికే ఏమీ లేదు.

రబ్బరు కొన లోపల పెట్టాడు. కింద, నీలం. పైన, నీలం. ఎడమ మూలకు జరిపాడు. మనిషి కూర్చుంటే నోరు ఉండే ఎత్తులో...

ఆకుపచ్చ.

మళ్లీ నీలం. మళ్లీ ఆకుపచ్చ. నిదానంగా. ఊపిరిలా...

"ఎవరు?" అన్నాడు గుసగుసగా.

మంట నీలంగా ఆగింది. తర్వాత చాలాసేపు పచ్చగా వెలిగింది.

ఆయనకు తెలిసిన విరుగుడు ఒక్కటే. గొట్టాల్లోని పాత గాలిని గుంజే పంపు తగిలించి స్విచ్ వేశాడు. పంపు వదిలే గాలి బయటికి పోయేలా దాని గొట్టాన్ని ఎప్పుడూ షట్టర్ కిందినుంచి వీధిలోకి పెడతాడు. ఆ రోజు మరిచాడు. మూసిన షెడ్డులో చలి నిండింది. జిందా తిలస్మాత్ వాసన గొంతులోకి దిగింది. రుమాలు అడ్డం పెట్టుకునేసరికే దగ్గు తెర వచ్చింది.

గ్యాసు నింపి షట్టర్ ఎత్తాడు. ఎల్లస్వామి ముందుసీటు వైపు చూడలేదు. వెనక తలుపు తీసి సీటు మీద చెయ్యి పెట్టాడు. రెగ్జిన్ కాలుతోంది. అయినా చెయ్యి తీయలేదు.

"పోయింది," అన్నాడు.

"ముందట సల్లగైంది గద?"

"ఆ."

స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఎవరిని సాగనంపినా మీరా సాహెబ్ ఖుదా హాఫిజ్ అంటాడు. అదే అనబోయాడు. నోట వేరే మాట వచ్చింది.

"సల్లగుండు బిడ్డా."

ఎల్లస్వామి తల తిప్పి ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

"రేపు మల్లొస్త," అన్నాడు. "బండి లేకున్నా వస్త."

కారు పోయింది. తన కోసం ఒక మనిషి వస్తానంటే సంతోషించవలసినవాడు మీరా సాహెబ్. కానీ గబగబా షట్టర్ దించేశాడు.

బల్ల మీద దీపం వెలుగుతూనే ఉంది. ఆర్పడానికి ఎత్తితే రబ్బరు కొన గడ్డం కిందికి వచ్చింది. మంట పచ్చబడింది. నీలమైంది. పచ్చబడింది.

ఊపిరి బిగబట్టాడు.

నీలం...

పక్కింటి మగ్గం ఆగింది. ఛాతీ బిగుసుకుపోతోంది. ఆయన ఇంకా ఊపిరి వదల్లేదు.

ఆకుపచ్చ... నీలం... ఆకుపచ్చ... నిదానంగా.