నైరుతి గది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు పెద్దలు. కల్పలతకు పెళ్లి యోగం ఎటూ తప్పిపోయింది కాబట్టి, ఉన్న ప్రాణమంతా ఇంటి మీదే పెట్టుకుంది. నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి. పద్మారావు నగర్‌లో అన్న హరికిషన్ అద్దె ఇంట్లో, హాల్లో టీవీ పక్కన, మడత మంచం మీద ఆమె రాత్రులన్నీ గడిచాయి. అన్న పిల్లలిద్దరూ ఆమె చేతుల మీదే పెరిగారు. వాళ్లకు గదులున్నాయి. అన్నావదినలకు ఉంది. తనదని మూసుకోవడానికి ఒక్క తలుపు కావాలని, అంతకు మించి ఆమె ఏనాడూ ఏమీ కోరలేదు.

అందుకే బొల్లారంలో స్థలం రిజిస్ట్రేషన్ నాడు, "నీ పేరు మీదనే చెల్లె" అని అన్న ఆమెను ముందుకు తోసి వేలిముద్ర వేయించినప్పుడు, అంతమంది ముందు కల్పలత వెక్కి వెక్కి ఏడ్చింది. ఇలాంటి అన్న ఏ జన్మ పుణ్యమో అని మోండా మార్కెట్లో కూరగాయలమ్మే ఆమెతో సహా అందరికీ చెప్పుకుంది.

మూడు వందల గజాలు. ఒకటే వంక, వాలు. రోడ్డు పక్కన మెరకగా మొదలై, జారుతూ జారుతూ వెనక నైరుతి మూలకు వచ్చేసరికి మనిషి మునిగేంత పల్లం. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ అంతా తలకిందులు. హరికిషన్ ఒక్కడే సిద్ధాంతి దగ్గరికి వెళ్లొచ్చి, "ఏం పరేషాన్ లేదు, కట్టేటప్పుడు మొరం పోసి కొంత లేపుదాం" అన్నాడు.

ఆరు నెలలు గళ్ల కాగితాల మీద కల్పలత ఇల్లు గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. రోడ్డు మట్టానికి హాలు. నాలుగు మెట్లు దిగితే వంటిల్లు. ఇంకో నాలుగు దిగితే పడక గదులు. వెనకున్న నైరుతి గది అన్నావదినలకని రాస్తే, హరికిషన్ ఆ కాగితం లాక్కుని కొట్టేశాడు.

"యజమాని నైరుతిలనే పడుకోవాలె. యజమానివి నువ్వే గదా?"

ఆ మాటకు ఆమె పొంగిపోయింది.

శంకుస్థాపనకు ఒక పొద్దున ముహూర్తం కుదిరింది. ముందు రోజు సాయంత్రం మేస్త్రి పర్వతాలు తాళ్లు కట్టి, తాళ్ల వెంట ముగ్గు పోశాడు. వాన వెలిసిన ఎర్రమట్టి మీద తెల్లగా ఇల్లంతా పరుచుకుంది. గది గదికీ గుమ్మం దగ్గర మూడడుగుల మేర గీత గీయకుండా వదిలేశాడు.

"అమ్మా, గీతలు దాటొద్దు. దర్వాజ కాడికెళ్లే పోవాలె. ముగ్గు పోసినంక గోడ లేచినట్టే లెక్క."

పర్వతాలు చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. కొబ్బరికాయలు, పూలు తేవాలని అన్న, వదిన సుకన్య కారులో బజారుకు బయల్దేరారు. ఇటుకల లారీ వస్తే దింపించుకొమ్మని కల్పలతను అక్కడే ఉంచారు.

ఆమెకు కావలసిందీ అదే. చెప్పులు రోడ్డు పక్కన విడిచి, లేని ఇంట్లోకి కుడికాలు పెట్టి వెళ్లింది. హాలు దాటింది. వంటింట్లో ఒక్క నిమిషం ఆగి, పొయ్యి ఎటుంటుందో చేత్తో గాలిలో చూపించుకుని నవ్వుకుంది. తడిమట్టి కాలివేళ్ల మధ్యకు వస్తోంది. వెలుగు సన్నబడుతోంది. స్టేషన్ వైపు రైలు కూత ఒకటి సాగి సాగి ఆగిపోయింది. పల్లంలో కప్పలు జోరుగా అరుస్తున్నాయి.

చివరి గదిలోకి గుమ్మం సందులోంచే వెళ్లింది. ఇక్కడ మంచం. ఇక్కడ బీరువా. తలుపు మూస్తే ఇక ఎవరూ...

కప్పలు ఆగిపోయాయి.

ఒకటీ అరా కాదు, అన్నీ ఒక్కసారే. తడిమట్టి వాసన కూడా పోయింది. దాని చోట ఇంకో వాసన. ఏళ్ల తరబడి తాళం వేసిన గది వాసన, పాత పరుపుల వాసన. నాలుగు పక్కలా ఆకాశం కనిపిస్తున్న చోట ఆ వాసన ఎలా వస్తుంది? కల్పలత గబగబా గుమ్మం వైపు తిరిగింది.

గుమ్మం లేదు.

తెల్లగీత నాలుగు వైపులా కలిసిపోయి ఉంది. మేస్త్రి మరిచిపోయాడనుకుంది. మరి తను ఎటునుంచి వచ్చింది? వంగి చేత్తో ముగ్గు తుడిచింది. చెయ్యి తెల్లబడింది. గీత అలాగే ఉంది. మళ్లీ తుడిచింది... అలాగే ఉంది.

అప్పుడు పైనుంచి మాటలు వినిపించాయి. అన్న గొంతు, వదిన గొంతు. హమ్మయ్య అనుకుంది. పిలవబోయి ఆగింది, వాళ్లు గుసగుసలాడుతున్నారు. వాలు మీద మాటలు నీళ్లలా కిందికి జారి వస్తున్నాయి.

"గా నైరుతి పల్లం మనిషిని అడుగుతదట. స్థలం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లను. ఏడాది తిరగనియ్యదట."

"మరి మన పేరు మీద..."

"అందుకే గదా దాని పేరు మీద రాయించింది."

కల్పలత ఒళ్లు చల్లబడింది. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఏడుపు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా! గీత, గుమ్మం ఏమీ చూసుకోలేదు, ముగ్గు దాటి పరుగెత్తింది. దాటేటప్పుడు భుజం దేనికో గట్టిగా గీసుకుని జాకెట్టు చిరిగింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

పడుతూ లేస్తూ పైకెక్కింది. రోడ్డు మీద... ఎవరూ లేరు. కారు లేదు. దూరంగా మలుపులో రెండు లైట్లు అప్పుడే తిరుగుతున్నాయి. కారు వచ్చి ఆగింది. హరికిషన్ కొబ్బరికాయల సంచి పట్టుకుని దిగాడు. సుకన్య ఒడిలో పూలబుట్టతో లోపలే ఉంది.

"ఏమైంది చెల్లె? జాకెట్టు గట్ల చినిగిందేంది?"

"నువ్వు వదినతో అన్నదంతా విన్న."

"నేనేమన్న? ఇప్పుడే గదా వస్తున్నం!"

కల్పలత విన్న మాటలు విన్నట్టే అప్పజెప్పింది. సంచి జారి కాయలు రోడ్డు మీద దొర్లాయి. అతను వాటివైపు చూడలేదు.

"గిది... సిద్ధాంతి తలుపేసి నాకొక్కనికే చెప్పిండు. సుకన్యకు సుత నేను చెప్పలే." అతని గొంతు కిందికి దిగిపోయింది. "నీకెవరు చెప్పిండ్రు?"

అబద్ధమని ఒక్క మాట అని ఉంటే నమ్మేది. ఇప్పటికీ నమ్మేది. ఆ మాట కోసమే అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"నీ పిల్లల్ని నా పిల్లలే అనుకున్న గదా అన్నా..."

"పిల్లలున్నోన్ని చెల్లె," అన్నాడు తల దించుకుని. "నీకైతే... ఎనకా ముందూ ఎవరూ..."

కారులోంచి సుకన్య, "ఏందండీ గిది?" అంది.

కల్పలత ఒక్క అడుగు వెనక్కి వేసింది. రోడ్డు అంచు మట్టి మెత్తగా విరిగింది. కాలు జారింది.

"అన్నా!"

ఒక చెయ్యి అతని వైపు చాచింది. రెండోది ఆసరా కోసం వెనక్కి, చీకట్లోకి వెళ్లింది. హరికిషన్ అందేంత దగ్గర్లోనే ఉన్నాడు. ఆమె చేతిని చూశాడు. చూసి, తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె పడలేదు.

వెనక్కి వెళ్లిన చేతిని పల్లం వైపు నుంచి ఎవరో పట్టుకున్నారు. గుంజలేదు. మెట్లు దిగేవాళ్లకు ఆసరా ఇచ్చినట్టు, మెల్లగా, మర్యాదగా పట్టుకుని నిలబడ్డారు.