పొడుగు బల్ల

పాలు పొయ్యి మీద పెట్టి కోడలు వీధి తలుపు తీసేసరికి, ఎదురింటి పిన్నిగారు ఖాళీ గిన్నె పట్టుకుని మెట్టు మీద నిలబడి ఉంది.

"ఇదిగో అమ్మాయ్, మీ గిన్నె మా ఇంట్లో ఉండిపోయింది. నిన్న కూర బాగుంది గానీ ఉప్పు ఒక రవ్వ ఎక్కువైనట్టుంది. మా కుక్క తొట్టెడు నీళ్ళు తాగింది."

కోడలికి ఏమీ అర్థం కాలేదు. "మా కూర మీ కుక్కెందుకు తింది పిన్నిగారూ?"

"అయ్యో, నీకు తెలీదా? మీ మామగారు రోజూ మధ్యాహ్నం తెచ్చి పెడుతున్నారుగా. నువ్వే పంపిస్తున్నావనుకున్నా!" పిన్నిగారు గొంతు తగ్గించింది. "ఆయన రేవు వీధి హోటళ్ళ వైపు పోతున్నారట. మావారు చూశారు."

వెనక పాలు పొంగిపోయాయి.

కోడలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. భర్తది మంచినీళ్ళ పంపుహౌస్‌లో ఉద్యోగం. ఇద్దరూ పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి గానీ రారు. అత్తగారు పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచీ మామగారి మధ్యాహ్నం భోజనం బల్ల మీద సర్ది, మూతలు పెట్టి వెళ్ళడం ఆమెకు అలవాటైంది. సాయంత్రం వచ్చేసరికి గిన్నెలు కడిగి బోర్లించి ఉండేవి. తన మంచినీళ్ళు తాను ముంచుకోవడం ఎరగని మనిషి గిన్నెలు కడుగుతున్నారని ఆమె మురిసిపోయింది కూడా.

"నిన్న కూరలో ఉప్పెక్కువైందా?" అని భర్తని అడిగింది.

"నాకేం తెలుసు? నువ్వు పెట్టింది తింటాను." గడ్డం గీసుకుంటున్న చెయ్యి ఆపి, సంగతంతా విన్నాడు. మొహం ఎర్రబడింది. "ఇంట్లో కోడలు అన్నం పెట్టట్లేదని ఊరంతా అనుకోదూ? నాన్న వాకింగ్ నుంచి రానీ, ఇప్పుడే తేల్చేస్తా."

"మీరు తేల్చేది ఏమీ ఉండదు, అరుస్తారంతే. నన్ను చూడనివ్వండి ముందు."

మనసు చిన్నబుచ్చుకున్న మాట నిజమే. కానీ అంతకన్నా పెద్దగా ఆమెని తొలిచేస్తున్నది ఒకటే ప్రశ్న. ఆయన అక్కడ ఏం తింటున్నట్టు?

మధ్యాహ్నం షాపులో పర్మిషన్ అడిగి రేవు వీధికి వెళ్ళింది. మామగారు ఒకప్పుడు ఈ నదిలో లాంచీ నడిపిన సరంగు. వంతెన వచ్చాక లాంచీలు ఆగిపోయాయి, రేవు చుట్టూ హోటళ్ళు లేచాయి. టికెట్లిచ్చిన గది ఇప్పుడు చేపలు వేయించే దుకాణం. సరుకులు దించిన షెడ్డులో అద్దాల కిటికీలు, నది వైపు జంటలు. గాలిలో వేడి నూనె వాసన, బురద వాసన కలిసిపోయి ఉన్నాయి. కాసేపటికి అటుగా వచ్చిన మామగారు అన్ని గుమ్మాల ముందూ తల ఊపి పలకరిస్తూ, ఎక్కడా ఆగకుండా, వీధి చివర రేకుల కప్పున్న హోటల్లోకి వెళ్ళిపోయారు. ఆమె గొడుగుల దుకాణం చాటున కాసేపు నిలబడి, మెల్లగా గుమ్మం దాకా వెళ్ళింది.

"ఒక్కరేనా?" అంది భుజాన తువ్వాలు వేసుకున్న హోటలావిడ.

"ఒక్కదాన్నే."

"అయితే పొడుగు బల్ల. ఇద్దరొస్తే చిన్న బల్లలు, ఒక్కరొస్తే అందరూ దానికే."

గోడవారగా గది పొడుగునా ఒకటే బల్ల. దానికి అటూ ఇటూ ఒక లారీ డ్రైవరు, చేతికి సున్నం అంటిన మేస్త్రి, బ్యాంకు బ్యాడ్జి తియ్యడం మరిచిన అమ్మాయి, ఇంకా కొందరు. వాళ్ళ మధ్య నడుముకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో గరిటెతో తిరుగుతున్నారు మామగారు.

"ఏమయ్యా డ్రైవరూ, అదేం తిండి, పిట్ట తిన్నట్టు? పట్టు పళ్ళెం!"

"వద్దు సరంగు గారూ, పొట్ట పగులుతుంది."

"పగిల్తే మేస్త్రి ఉన్నాడుగా, అతికిస్తాడు."

బల్లంతా నవ్వింది. కోడలు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఆ బల్లకి నేను వడ్డించను," అంది హోటలావిడ. "నాకు మనుషులు చాలక పెట్టిన పద్ధతి. వాళ్ళలో వాళ్ళే రోజుకొకరు వడ్డించుకుంటారు. ఆయన మాత్రం వంతు లేకపోయినా లేస్తారు. ఇంతకీ తింటారా, చూస్తారా?"

ఆమె ఏదో గొణిగి బయటపడింది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికే తండ్రీ కొడుకులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. భర్త ఆగలేకపోయినట్టున్నాడు.

"ఇంట్లో తిండి కుక్కకి వేసి హోటళ్ళ చుట్టూ తిరుగుతావా నాన్నా? అందులో ఏం లోటు?"

"లోటని నేనన్నానా? అమ్మాయి వంటకి వంక పెట్టినవాడి నాలుక తెగ్గొయ్యాలి."

"మరెందుకు మామయ్యా?" అంది కోడలు.

ఆయన ఆమె వైపు తిరిగారు. కొడుక్కి చెప్పలేనిది ఆమెకి చెప్పడం తేలికనిపించిందేమో.

"మూత తీసి నేనే వడ్డించుకుని, చాలని నేనే అనుకుని, నేనే లేవాలి కదమ్మా. ఎంతకి ఆగాలో నాకు తెలియట్లేదు. ఆవిడ పెట్టినంత తినేవాణ్ణి, ఆపినప్పుడు ఆగేవాణ్ణి. నేనెంత తింటానో ఆవిడకే తెలుసు. నేనెప్పుడూ చూసుకోలేదు."

"రాత్రి మాతోనే తింటున్నావుగా?"

"తింటున్నాను. నువ్వు ఫోను చూస్తూ తింటావు, అమ్మాయి మర్నాటి పనులు తలుచుకుంటూ తింటుంది. తప్పు కాదురా, మీ పనులు మీవి."

భర్త ఒక్క క్షణం తడబడ్డాడు. తడబడ్డందుకే కాబోలు, గొంతు ఇంకా పెంచాడు. "అదంతా నాకు తెలీదు. రేపట్నుంచి రేవు వీధి మాట ఎత్తొద్దు."

"సరే," అన్నారాయన. అంతే.

మర్నాడు సాయంత్రం వచ్చేసరికి గిన్నెలన్నీ ఖాళీగా, కడగకుండా ఉన్నాయి. మామగారు పొట్ట పట్టుకుని మంచం మీద పడుకుని ఉన్నారు.

"అంతా తినేశారా మామయ్యా? కొంచెం ఎక్కువే పెట్టానే!"

"ఉన్నంతవరకూ తిన్నానమ్మా. మిగిలిస్తే మళ్ళీ కుక్కకి వేశానంటాడు."

ఆమె వాము నీళ్ళు కాచి ఇచ్చింది. ఆయన తాగి పడుకున్నాక భర్త దగ్గరికొచ్చి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

"మామయ్యకి నేను చెప్పాను, రేపు మామూలుగా వెళ్ళమని. మీరూ రేపు మధ్యాహ్నం అక్కడికి రండి. ఒక్కరే రావాలి. ఇద్దరం కలిసి వెళ్తే చిన్న బల్ల ఇస్తారు."

"నేనెందుకు?"

"నేను చెప్తే మీకు అర్థం కాదు. ఆకలేసి రండి."

మర్నాడు ఆమె వేరే సందులోంచి ముందే వచ్చి, ఒక్కదాన్నే అని చెప్పి పొడుగు బల్ల చివర కూర్చుంది. మామగారు చూసి, ఆశ్చర్యపోయి, పళ్ళెం పెట్టారు. కాసేపటికి భర్త వచ్చాడు. హోటలావిడ భార్యాభర్తలిద్దరి మొహాలూ చూసి, "ఒక్కరే కదూ!" అని తనలో తాను నవ్వుకుని మేస్త్రి పక్కన చోటు చూపించింది.

మామగారి చేతిలో గరిటె ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత అందరికీ వడ్డిస్తున్నట్టే వచ్చి కొడుకు పళ్ళెంలో అన్నం పెట్టారు, కూర వేశారు. భర్త తల దించుకుని తిన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు పళ్ళానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు నాన్నా."

"చాలని నోటితో అంటే సరా? కళ్ళు ఇంకా గిన్నెలోనే ఉన్నాయి. తియ్యి చెయ్యి."

భర్త చెయ్యి తీశాడు. ఆ మాటలు ఎవరివో కోడలికీ తెలుసు. అత్తగారు గిన్నె పట్టుకుని మామగారి వెనకే నిలబడి అనేది, ఆయన చిరాకుపడుతూనే పళ్ళెం జరిపేవారు. ఏడాదిగా ఆ ఇంట్లో ఆ మాట వినపడలేదు. ఎవరూ దాన్ని వెతకలేదు కూడా. భర్త ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేకపోయాడు. భుజాలు కదులుతున్నాయి. పక్కనున్న మేస్త్రి ఏమీ చూడనట్టు మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపాడు.

కాసేపయ్యాక భర్త లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు. "ఇటివ్వు నాన్నా. నువ్వు కూర్చో."

"ఇవాళ వంతు నాది కాదు, నీది కాదు. ఆ బ్యాంకు అమ్మాయిది."

"ఇచ్చెయ్యండి తాతగారూ," అంది బ్యాంకు అమ్మాయి. "నేను రేపు చేస్తాలే."

ఆయన కొడుకు ఖాళీ చేసిన చోట కూర్చున్నారు. భర్త ఒక గరిటె పెట్టాడు, ఇంకో గరిటె పెట్టాడు. మూడోది ముంచి ఆగాడు.

"చాలా నాన్నా?"

"నన్నడుగుతావేంట్రా?" అన్నారు మామగారు పళ్ళెం వైపు చూస్తూ.

భర్త గరిటె అలాగే పట్టుకుని వంగాడు. తండ్రి మొహం వైపు, ఎన్నడూ చూడనంత దగ్గరగా, చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గరిటెలో సగం తిరిగి గిన్నెలో వేసి, మిగతా సగం మెల్లగా పళ్ళెంలో వేశాడు.

మామగారు తినడం మొదలుపెట్టారు.