ఆఖరి దడి

ఢాం!

ఫజలుద్దీన్ చెవి పక్కనే జొన్నకంకి ఒకటి తెగి పడుతుంది.

చటుక్కున వంగుతాడు. పగ్గం మాత్రం వదలడు. పగ్గం చివర హిరనీ. ముందు ఎడమకాలు నేలకు ఆనించలేక కుంటుతోంది. రొప్పుతోంది. అయినా అతని వెంటే వస్తోంది.

వెనక జీపు లైట్లు. పొద్దుగూకి ఇంకా ఎంతోసేపు కాలేదు... చేను మాత్రం అప్పుడే చీకటైపోయింది.

"ఫజలూ... గుర్రాన్ని ఇడిసిపెట్టు. నిన్నేం జెయ్యం."

కిష్టప్ప గొంతు. దొర తుపాకీ మోసే మనిషి. నిన్నటిదాకా ఫజలుద్దీన్ బీడీతో తన బీడీ ముట్టించుకున్నవాడు.

ఏమీ చెయ్యడట! ఏమీ చెయ్యనివాడు చెవికి గురిపెడతాడా?

ఫజలుద్దీన్ గుర్రం ముక్కు మీద అరచెయ్యి ఆనించి గొణుగుతాడు.

"చుప్ బేటీ... చుప్."

మళ్లీ పరుగు.

ఇవాళ మధ్యాహ్నం దాకా ఈ గుర్రానికి ఓటమంటే తెలియదు. జింకలా దూకుతుందని హిరనీ అని పేరు పెట్టారు. స్టీపుల్‌చేజ్... దడులూ కాలవలూ దూకుతూ పరుగెత్తే పందెం. సంగారెడ్డి నుంచి సికిందరాబాదు దాకా ఆ పందెంలో దాన్ని కొట్టిన గుర్రం లేదు. దాని మీద సవారీ చేసేది ఎప్పుడూ ఫజలుద్దీనే.

ఇవాళ ఇంద్రేశం మైదానంలో మొదటి దడికే తడబడింది. ఆఖరి దడి దగ్గర కూలబడింది.

అందరికన్నా వెనక!

జనం ముందు నోళ్లు తెరిచారు. తరువాత చెప్పులు విసిరారు. చెప్పుల కన్నా గుర్రం యజమాని దొర మాట గట్టిగా తగిలింది.

"కాలిరిగింది. చీకటి పడంగనె కాల్చి పూడ్చిపెట్టుండ్రి."

ఇరగలేదు. ఫజలుద్దీన్ కాలు తడిమి చూశాడు. కెప్టెన్ గులాం మొహమ్మద్ కూడా చూశాడు. నిజాం గుర్రపు దళంలో ఆయన ఫజలుద్దీన్‌కు పై అధికారి. ఇప్పుడు పూనాలో పందెపు గుర్రాలను తయారు చేస్తున్నాడు.

"ఎముక కాదు ఫజల్. డెక్కలో ఏదో గుచ్చుకుంది," అన్నాడు కెప్టెన్. "పటాన్‌చెరు ముసాఫిర్ బంగళాలో ఉంటా. నాతో గుర్రాల డాక్టర్ ఉన్నాడు. తీసుకురా. బాగైతే వచ్చే సీజన్‌కు పూనాలో దూకిస్తా."

ఆ మాట దొర చెవిన కూడా పడింది. అక్కడి నుంచి మొదలైంది ఈ వేట.

గుర్రాన్ని బంగళాకు చేర్చాలి. ప్రాణంతో చేర్చాలి. కానీ ఈ కాలుతో వాగు దాటడం కూడా కష్టమే.

చేను చివర చిన్న దీపం కనిపిస్తుంది. సత్తెమ్మ గుడిసె.

ప్రతి పందేనికీ ముందు హిరనీకి దిష్టి తీసేది సత్తెమ్మే. ముందు ఎడమకాలి కింద నిమ్మకాయ పెడుతుంది. గుర్రం దాన్ని చిదిపాకే మైదానంలోకి దిగుతుంది. దొర జీపుకూ అంతే. చక్రం కింద నిమ్మకాయ నలగకుండా అది గడీ దాటదు. గడీలో అందరూ నవ్వుకుంటారు, దొర వినకుండా.

"అవ్వా... దీపం జెర ఇటు పట్టు."

సత్తెమ్మ దీపం తెస్తుంది.

ఫజలుద్దీన్ డెక్క పైకెత్తి ఒళ్లో పెట్టుకుంటాడు. మట్టి. నెత్తురు. చాకుతో గీకుతాడు.

వాసన!

పుల్లటి వాసన. నిమ్మకాయది.

డెక్క మధ్య మెత్తటి చోట ఇనుము తళుక్కుమంటుంది. పట్టకారు బిగించి లాగుతాడు. హిరనీ తల విదిలిస్తుంది. దాని దవడ తగిలి అతని పెదవి చిట్లుతుంది. వదలడు. మళ్లీ లాగుతాడు.

వచ్చింది.

బండి చక్రానికి కొట్టే మేకు. నిమ్మకాయలో దాగేంత పొడవు.

సత్తెమ్మ దీపం దగ్గరికి తెచ్చి చూస్తుంది.

"నేను పెట్టిన కాయల ఉన్నదే బిడ్డా."

"ఏందవ్వా నువ్వనేది?"

"ఎప్పుడు నా చెట్టు కాయనే పెడ్త గద. ఇయ్యాల దొర తన చేత్తోని ఇచ్చిండు. అమ్మోరి కాళ్లకాడ ఉంచి తెచ్చిన, గిదే పెట్టుమన్నడు." ఆమె దీపం కింద పెడుతుంది. "దిష్టికాయను ఎవలన్న కోసి సూస్తరా?"

ఎవరూ చూడరు. అమ్మవారి పేరు చెప్పాక అసలే చూడరు. అది దొరకు బాగా తెలుసు.

ఫజలుద్దీన్‌కు ఒక్కసారిగా గుర్తొస్తుంది. పందెం పోయాక దొర మొహంలో కోపం లేదు. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు. ఇంకొకటి కూడా గుర్తొస్తుంది... ఆఖరి దడి దగ్గర మొరాయిస్తోందని హిరనీని కొరడాతో బాదింది తనే. కాల్లో ఇంత మేకుతో అది దూకడానికి ప్రయత్నిస్తుంటే.

గుర్రం మెడకు మొహం ఆనించి ఏడవాలనిపిస్తుంది. అంత తీరిక లేదు.

జీపు చప్పుడు.

"అవ్వా, మేకు నీ కాడ ఉంచు. నేను దొరికినా గిది దొరకొద్దు."

సత్తెమ్మ మేకును కొంగున ముడేస్తుంది. ఫజలుద్దీన్ డెక్కకు గుడ్డ చుట్టి, గుర్రాన్ని గడ్డివాము వెనక్కి నడిపిస్తాడు. అక్కడి నుంచి గుడిసె ముంగిలి కనిపిస్తుంది.

జీపు ముంగిట్లో ఆగింది. ఇంజన్ ఆపింది దొర. మొదట దిగింది కిష్టప్ప.

"ఏడున్నడే?"

"ఎవలు?"

తుపాకీ మడమ ఆమె దవడ మీద పడింది. సత్తెమ్మ మట్టిలో దొర్లింది. కిష్టప్ప కాలెత్తి డొక్కలో తన్నాడు. ఇంకోసారి తన్నాడు.

ఫజలుద్దీన్ పళ్లు కొరుక్కుంటాడు. చేతిలో చాకు ఉంది. అవతల తుపాకీ. కదిలితే గుర్రం పోతుంది.

"జల్దీ చెప్పు ముసల్దానా," అన్నాడు దొర. జీపులోంచి దిగనే లేదు. "జాగీరు పాయె, కౌలు పాయె. ఇయ్యాల ఎదురు గుర్రం మీద పందెం కాసి జెర గట్టెక్కిన. ఆ కాలు డాక్టర్ సూసిండంటె నన్ను నడిబజార్ల నిలబెడ్తరు."

సత్తెమ్మ మెల్లగా లేచింది. నెత్తురు ఉమ్మింది.

"వాగు దిక్కు పోయిండు దొరా."

ఫజలుద్దీన్ వెళ్లాల్సింది అటే!

కిష్టప్ప జీపెక్కాడు. దొర తాళం మీద చెయ్యి వేసి... ఆగాడు.

"నిమ్మకాయ పెట్టవేందే?"

"టైం లేదు దొరా," అన్నాడు కిష్టప్ప.

"నువ్ నోర్ముయ్. పొద్దున పెట్టినంకనే గద అన్ని కలిసొచ్చినయ్."

సత్తెమ్మ గుమ్మం పక్క చెట్టు నుంచి కాయ తెంపుకుంది. ముందు చక్రం దగ్గర కూర్చుంది. జీపు లైటు ఆమె వీపు వెనక. ఫజలుద్దీన్‌కు కనిపించేది ఆమె మోచెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి కొంగుముడి దగ్గరికి వెళ్లింది.

మేకు ఇచ్చేస్తుందా? దెబ్బలకు తాళలేక ఇచ్చేస్తుందా?

ఇస్తే తప్పు పట్టలేడు. ముసలి ప్రాణం. కానీ అదొక్కటే సాక్ష్యం.

సత్తెమ్మ ఉత్త చేతులతో లేచి పక్కకు జరిగింది.

జీపు కదిలింది. చక్రం కింద కాయ పటుక్కుమంది.

సరిగ్గా అప్పుడే హిరనీ ముక్కు చీదింది.

లైట్లు గిర్రున తిరిగాయి.

"అగో! గడ్డివాము ఎనక!"

ఫజలుద్దీన్ ఒక్క ఉదుటున గుర్రం మీదికి ఎక్కుతాడు. జీను లేదు. జూలు పిడికిట పట్టుకున్నాడు.

"చల్ బేటీ!"

హిరనీ ఉరికింది.

కుంటుతోంది. కానీ ఇప్పుడు నాలుగు కాళ్లూ నేల మీద పడుతున్నాయి. దున్నిన పొలం... తుమ్మకంప... ముళ్లు మోకాళ్లను చీరేస్తున్నాయి. వెనక జీపు బండ్లబాట పట్టుకుని దూసుకొస్తోంది. నిమిషనిమిషానికీ దగ్గరవుతోంది.

ఢాం!

గుండు తల మీదుగా పోయింది.

బాట వాగు వైపు దిగుడుగా ఉంది. దిగుడు చివర రాతి గోడ. పశువులు రాకుండా ఎవరో పేర్చుకున్నది. మనిషి ఛాతీ ఎత్తు. దాని అవతల వాగు. వాగు అవతల పటాన్‌చెరు.

మధ్యాహ్నం కూలబడ్డ ఆఖరి దడి కూడా ఇంతే ఎత్తు.

హిరనీకి గోడ కనిపించింది. అడుగు తడబడింది. చెవులు వెనక్కి వాలాయి.

భయపడుతోంది. దూకితే నొప్పని దానికి గుర్తుంది.

ఫజలుద్దీన్ చేతిలో కొరడా లేదు. ఉన్నా ఎత్తడు. మెడ మీదికి వంగి చెవిలో అంటాడు.

"కొట్టను బేటీ. నీ ఇష్టం. దూకకుంటే ఇద్దరం ఈడనే ఉందాం."

చెవులు లేచాయి.

ఒక అడుగు... ఇంకో అడుగు...

లేచింది!

ఢాం! ఢాం!

గాల్లో ఉండగా వెనక రెండు మోతలు, ఒకదాని వెంట ఒకటి. నడుం దగ్గర ఎవరో గట్టిగా తోసినట్టయింది. పడబోయాడు. జూలు వదలలేదు.

హిరనీ వాగు ఇసుకలో దిగింది. నాలుగు కాళ్ల మీద దిగింది.

వెనక్కి తిరిగి చూశాడు. ముందు టైరు పేలిన జీపు దిగుట్లో ఒక పక్కకు ఒరుగుతోంది. దొర స్టీరింగ్ తిప్పుతున్నాడు. అది అతని మాట వినడం లేదు. రాతి గోడకు మొహంతో గుద్దుకుంది. బోల్తా పడింది. కిష్టప్ప కేక ఒకటి లేచి మధ్యలో తెగింది. దొర గొంతు అసలు లేవనే లేదు.

పటుక్కున నలిగిన నిమ్మకాయ గుర్తొచ్చింది. సత్తెమ్మ మోచెయ్యి గుర్తొచ్చింది.

దిష్టికాయను ఎవరూ కోసి చూడరు. దొర కూడా చూడలేదు!

ఫజలుద్దీన్‌కు నవ్వొచ్చింది. నవ్వితే ఎందుకో నడుం కలుక్కుమంది.

ముసాఫిర్ బంగళా వరండాలో కెప్టెన్ ఇంకా మేలుకునే ఉన్నాడు. గుర్రం అడుగుల చప్పుడుకు లాంతరు పట్టుకుని మెట్లు దిగాడు. వెనకే డాక్టర్.

"తెచ్చిన సాబ్," అంటాడు ఫజలుద్దీన్. "ముందు కాలు సూడుండ్రి."

డాక్టర్ కూర్చుని గుడ్డ విప్పుతాడు. చాలాసేపు చూస్తాడు. ఫజలుద్దీన్ గుర్రం మీదే కూర్చున్నాడు. దిగే ఓపిక లేదు.

"లోపలి ఎముక చెడలేదు," అంటాడు డాక్టర్ చివరికి. "చీము పట్టకుండా చూసుకుంటే చలికాలానికి మళ్లీ దూకుతుంది."

కెప్టెన్ హిరనీ మెడ నిమురుతాడు.

"విన్నావా ఫజల్? పూనా. సవారీ కూడా నువ్వే. నీ కింద తప్ప ఇది దూకదు."

"జీ సాబ్."

ఎంత బాగుంది ఆ మాట. పూనా మైదానం ఎలా ఉంటుందో చూడలేదు. పచ్చగా ఉంటుందని విన్నాడు.

డాక్టర్ లేవబోయి ఆగుతాడు. గుర్రం పొట్ట కింద చెయ్యి పెట్టి, లాంతరు వెలుగులో ఆ చేతిని చూసుకుంటాడు.

"డెక్కలో నెత్తురు ఎప్పుడో ఆగింది. మరి ఈ నెత్తురు ఎక్కడిది?"

కెప్టెన్ లాంతరు పైకెత్తుతాడు. ఇంకొంచెం పైకి.

ఫజలుద్దీన్ కూడా తలవంచి తన నడుం చూసుకుంటాడు.

వాగు దగ్గర వినిపించినవి రెండు మోతలు. సత్తెమ్మ కొంగులో ఉన్న మేకు ఒక్కటే. పేలిన టైరూ ఒక్కటే.