మూడో తీగ

"ముగ్గురు కలిసి తిప్పే తిరగలి దగ్గర ఒకరు లేచిపోతే ఏమవుతుందో చెప్పండి?" అని పిల్లల్ని అడిగింది అమ్మమ్మ, ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతూ.

"ఆగిపోతుంది," అంది జాయిస్.

"ఆగదే, ఊగుతుంది. మూడు ఫేజుల మోటారుకు ఒక్క ఫేజే ఇస్తే అంతే. గుంయ్‌మంటుంది, తిరగదు. షాఫ్టుకు తాడు చుట్టి లాగి, మొదటి తిప్పు ఎవరో ఒకరు ఇవ్వాలి. తిరగడం మొదలుపెట్టిందా, లేని ఫేజును మూడో తీగలో అదే పుట్టిస్తుంది. ఆ మూడో తీగతో పక్కనున్న మర ఆడుతుంది. సరే, వినండి."

చిల్లకల్లులో రత్నమణి ఇంట్లో కారం మర అలాగే ఆడేది. పెట్టింది ఆమె భర్త డేవిడ్‌రాజు. ఎడమచేతివాటం మనిషి. తాడు కొస మణికట్టుకు చుట్టుకొని లాగేవాడు. వద్దంటే నవ్వేవాడు. ఒక ఏడు కోతలప్పుడు ఆ తాడు షాఫ్టుకు చిక్కుకుంది. మనిషినీ లాక్కుని ప్రాణం తీసింది. నెల తిరక్కుండా మరిది బెన్ని ఆ మోటారును పాత ఇనుములోకి తోసేశాడు.

మళ్ళీ మిరప కోతలొచ్చాయి. "వదినా, రేపు ప్రార్థన అయ్యాక ట్రాక్టరు తెస్తా. అప్పటికి మర తిరిగిందా సరే, లేదా మైలవరం పట్టుకుపోతా. నీ దగ్గరుంటే ఎలుకలు కాపురం పెడతాయి," అన్నాడు బెన్ని.

ఆ మర తప్ప భర్త చేత్తో బిగించినవి ఆ ఇంట్లో ఇంకేం మిగల్లేదు. ఆ పొద్దున్నే రత్నమణి నందిగామ వెళ్ళింది.

"మీ మర మూడు హార్స్‌పవరండి. ఫేజు పుట్టించేది దానికన్నా పెద్దది ఉండాలి. అయిదు తీసుకోండి," అంటూ పాత మోటార్ల కొట్టు జగన్నాథరావు రెండు మోటార్లు చూపించాడు. ఒకటి కొత్తగా వైండింగు చేసింది. రెండోది పాతది, పైన ఆకుపచ్చ రంగు.

రత్నమణి రెండింటినీ వాసన చూసింది, కాలిన కంపు లేదు. పాతదాని కాలు కింద వేలు పెట్టింది. ఆకురాయితో కోసిన మూడు గాట్లు తగిలాయి. డేవిడ్‌రాజు తన సామాన్లకు పెట్టుకునే గుర్తు.

"ఇదివ్వండి."

"కొత్తది నమ్మకమండి."

"ఇదే."

మధ్యాహ్నం మర గదిలో తీగలు బిగించుకుంది. కారం ఎగరకుండా కిటికీలు మూసింది. పట్టపగలే చీకటి. ఘాటు, గ్రీజు వాసన. తాడు చుట్టి కుడిచేత్తో లాగి, స్విచ్చి వేసింది. మోటారు అందుకుంది. కానీ మర... వెనక్కి తిరిగింది. కాయలన్నీ మొహాన కొట్టింది.

ఆపేసింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆయనది ఎడమ చెయ్యి. మోటారు ఎటు తిప్పితే మరా అటే. తీగలు రెండు మార్చుకుంటే సరిపోయేది. కానీ మర వైపు ఆయన బిగించిన ముడులు విప్పడానికి చేతులు రాలేదు.

తాడు ఎడమకు చుట్టింది. ఎడమచేత్తో లాగి, స్విచ్చి వేసింది. బలం చాల్లేదు.

గుంయ్‌...

షాఫ్టు కదల్లేదు. వార్నిష్ కాలుతున్న వాసన. ఇంకాసేపైతే మోటారు పోతుంది. రేపు ట్రాక్టరొస్తుంది. స్విచ్చి ఆపడానికి చెయ్యి చాపింది...

షాఫ్టు కదిలింది.

ఎడమకు. మెల్లగా... వేగంగా. మర నిండుగా ఆడింది. గొట్టంలోంచి ఎర్రగా కారం జారింది. రత్నమణికి ఏడుపొచ్చింది.

చెవి పక్కన, ఊపిరంత సన్నగా...

"మణీ... చేతికి చుట్టుకోకు."

కిందికి చూసింది. తాడు కొస ఆమె మణికట్టుకు మూడు చుట్లు చుట్టి ఉంది. ఆమె చుట్టలేదు. రెండో కొస నేలమీద పాకుతూ షాఫ్టు వైపు పోతోంది...

ఒక్క గుంజు గుంజి విదిలించుకుంది.

మర్నాడు బెన్ని ట్రాక్టరు ఖాళీగానే పోయింది. రత్నమణి మర ఇప్పటికీ ఆడుతోంది. ఎడమచేతికి మాత్రం ఆమె గాజులు వేసుకోదు. అక్కడ తాడు ఒరుసుకున్న మచ్చ మీద ఆనితే మంటట.

"అమ్మమ్మా," అంది జాయిస్ మెల్లగా, "వద్దన్నది ఆ డేవిడ్‌రాజు తాతయ్యేగా. మరి చుట్టిందెవరు?"

అమ్మమ్మ బుట్టలోకి చూసింది.

"ఇంకా సగం తొడిమలున్నాయే. పొద్దుగుంకక ముందే తుంచి మరకిచ్చి రావాలి. చీకటి పడితే రత్నమణి ఆ గది తలుపు తియ్యదు," అంటూ బుట్ట ఎత్తుకొని వసారాలోకి వెళ్ళిపోయింది.