అక్క చేతులు, పిట్ట తలకాయ

సైన్స్ సార్ అట్టపెట్టెలోంచి రెండు కప్పులు తీసి బల్ల మీద పెట్టారు. క్లాసంతా మెడలు సాచి చూసింది.

ఎర్ర గుర్తున్న కప్పులో చిక్కుడు మొక్క పచ్చగా ఉంది. నీలం గుర్తున్న కప్పులో మొక్క కూడా పచ్చగా నిగనిగలాడుతోంది. చిక్కంతా అక్కడే వచ్చింది. నీలం కప్పులో మొక్క వాడిపోయి ఉండాలి. నీళ్లు అందకపోతే మొక్క ఏమవుతుందో చూపించడానికే కదా ఆ రెండు కప్పులూ పెట్టింది.

సెలవుల్లో వీటిని ఇంటికి తీసుకెళ్లింది ఎవరని సార్ అడిగారు. మొదటి బెంచీలోంచి పిట్ట లేచి నిలబడింది.

పిట్ట అనేది అసలు పేరు కాదు. నోటి దగ్గర రెండు వేళ్లు ముక్కులా ఆడించి అమ్మ పిలిచే పిలుపు. ఆ పిల్లకి పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. అందుకని ఆమెని నోటితో పిలిస్తే పలకదు, వేళ్లతో పిలిస్తే పలుకుతుంది.

మరి సార్ అడిగింది ఆమెకెలా తెలిసింది? బోర్డు పక్కన ట్రైనింగ్ అక్క నిలబడి ఉంది కాబట్టి. సార్ నోటితో చెప్పిందాన్ని అక్క చేతులతో పిట్టకి చెబుతుంది. పిట్ట చేతులతో చెప్పిందాన్ని నోటితో క్లాసుకి చెబుతుంది. డిగ్రీ అయ్యాక ఈ పని కోసమే మళ్లీ కాలేజీలో చేరింది అక్క. ఆ కోర్సులో చివరి ఏడాది పాఠాలన్నీ ఇలా బడిలోనే. చేతులు స్పష్టంగా కనపడాలని ఎప్పుడూ ముదురు రంగు చొక్కానే వేసుకుంటుంది. గాజులు లేవు, గోళ్లరంగు లేదు. సైగలు చేసేటప్పుడు ఒక పాయ జుట్టు ముఖం మీద పడితే చెవి వెనక్కి నెట్టుకుంటుంది. అందుకే పిట్ట ఆమెకి ఆ సైగనే పేరుగా పెట్టేసింది. చెవి వెనక వేలు పెట్టి జుట్టు నెట్టుకున్నట్టు చేస్తే చాలు, అక్క తిరిగి చూస్తుంది.

పిట్ట గ్రూపులో ఒక రెండుజడల అమ్మాయి ఉంది. అందరూ ఆమెని లీడర్ అంటారు. లీడర్‌కి ఆ కప్పులు చూడగానే ఒళ్లు మండింది.

"నీలం దానికి నీళ్లు పొయ్యొద్దని సార్ చెప్పారు కదా. అప్పుడు సరే సరే అని తలూపావు కదా."

వెనక బెంచీలోంచి ఎవరో, "గంగిరెద్దు" అన్నారు. నవ్వులు లేచాయి.

అక్క చేతులు గాలిలో ఒక్క క్షణం ఆగాయి. తర్వాత నెమ్మదిగా కదిలాయి. తల మీద రెండు కొమ్ములు పెట్టి, తల పైకీ కిందకీ ఊపింది. మిగతా పిల్లలకి వినపడిందల్లా పిట్టకీ తెలియాలి. మంచిదైనా చెడ్డదైనా దాచకూడదు. ఆ పనిలో అదొక నియమం.

పిట్ట చెవులు ఎర్రబడ్డాయి. కూర్చుంది.

అసలు జరిగింది ఇది. సెలవులకి ముందు సాయంత్రం గంట కొట్టే వేళ. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు, బెంచీలు కిర్రుమంటున్నాయి. సార్ బోర్డు తుడుస్తూ, అటు తిరిగే కప్పుల సంగతి గబగబా చెప్పేశారు. అక్క సైగల్లో ఎర్ర కప్పు వచ్చింది, నీలం కప్పు వచ్చింది, నీళ్లు వచ్చాయి. 'వద్దు' అన్నది మాత్రం రాలేదు. రెండింటికీ నీళ్లు పోస్తే మరి రెండు రంగులెందుకు అని పిట్టకి అనుమానం వచ్చింది కూడా. అంతలో అక్క బొటనవేలు ఎత్తి, "అర్థమైందా?" అని అడిగింది. అక్క నుదుటి మీద చెమట. క్లాసంతా ఎప్పుడు వదులుతారా అని చూస్తోంది.

పిట్ట తల ఊపింది.

ఆమెకది కొత్తేమీ కాదు. అక్క రాకముందు నుంచీ ఉన్న అలవాటు. అప్పట్లో క్లాసంటే గాజుతొట్టిలో చేపల్ని చూడటమే. టీచర్ల నోళ్లు తెరుచుకునేవి, మూసుకునేవి. తల ఊపితే వాళ్లు సంతోషించి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు. ఊపకపోతే అదే మాట ఇంకా పెద్దగా నోరు తెరిచి అరిచేవాళ్లు. చెవుడున్న చోట అరుపెందుకు? అందుకని పిట్ట తల ఊపడం నేర్చుకుంది.

ఇంటర్వెల్లో పిట్ట వరండాలోకి చూసింది. సైన్స్ సార్ అక్కతో ఏదో మాట్లాడుతున్నారు. కోపంగా లేరు గానీ చెయ్యి మాటిమాటికీ కప్పుల వైపు చూపిస్తోంది. అక్క తల దించుకుని ఉంది.

అక్క తిరిగి రాగానే పిట్ట, సార్ తిట్టారా అని అడిగింది. తిట్టలేదని, ఎందుకిలా అయిందని అడిగారని అక్క చెప్పింది. తప్పు నాదేనన్నానని కూడా చెప్పింది.

అనుమానం వచ్చినప్పుడు చెయ్యెత్తి ఉంటే సరిపోయేది కదా. ఆ మాట చెబుదామని పిట్ట చేతులు లేపింది. ఈలోగా అక్కే ఇంకో సంగతి చెప్పింది.

"శుక్రవారం మా కాలేజీ నుంచి మేడమ్ వస్తారు. క్లాసులో కూర్చుని నా పని చూస్తారు. బాగుందంటే వచ్చే ఏడాది నుంచి నాకు ఈ బడిలోనే ఉద్యోగం."

"బాగోలేదంటే?"

అక్క జుట్టు వెనక్కి నెట్టుకుంది. "మళ్లీ ఏడాదంతా చదవాలి. వేరే ఊళ్లో, వేరే బడిలో."

పిట్ట చేతులు కిందకి దిగిపోయాయి. అక్క వెళ్లిపోతే మళ్లీ గాజుతొట్టే. మళ్లీ చేపలే.

అప్పుడే పిట్ట ఒక నిర్ణయానికి వచ్చేసింది. శుక్రవారం అర్థమైనా కాకపోయినా తల ఊపాలి. మెడ పట్టేసినా ఊపాలి. ఆ మేడమ్ చూసి, ఆహా, ఈ అక్క ఎంత బాగా చెబుతోందో అనుకోవాలి. గంగిరెద్దన్నవాళ్లు అనుకోనీ.

గురువారం సాయంత్రం అమ్మ పిట్టకి కొత్త యూనిఫామ్ చొక్కా తొడిగింది. అమ్మ టైలర్. మిషను పక్కన నిలబెట్టి, భుజాల దగ్గర, చంకల దగ్గర గుండుసూదులు గుచ్చుతోంది. మిగిలిన సూదులు పెదాల మధ్య పట్టుకుంది. వేరే వాళ్లమ్మలైతే నోట్లో సూదులున్నంతసేపూ మాట్లాడలేరు. పిట్ట వాళ్లమ్మకి ఆ ఇబ్బంది లేదు. నోట్లో ఎన్ని సూదులున్నా చేతులు వాగుతూనే ఉంటాయి.

సరిపోయిందా అని అమ్మ అడిగింది. చంక దగ్గర కాస్త పట్టేసింది. కానీ పిట్ట మనసంతా రేపటి మీదే ఉంది. అలవాటు కొద్దీ తల ఊపేసింది.

"అయితే చెయ్యెత్తు" అంది అమ్మ.

ఎత్తింది. టక్కున కుట్టు తెగింది. ఒక సూది చురుక్కుమంది.

అమ్మ సూదులన్నీ నోట్లోంచి తీసి డబ్బాలో వేసింది. కోప్పడలేదు. చిరుగులో వేలు పెట్టి చూసి నిట్టూర్చింది.

"సరిపోయిందంటే నేను అలాగే గట్టిగా కుట్టేస్తా కదే. బిగుతుగా ఉందని చెబితే వదులు చేస్తా. నీ చంక సంగతి నాకెలా తెలుస్తుంది తల్లీ, నువ్వు చెప్పకపోతే?"

అమ్మ కుట్టు విప్పి మళ్లీ వేస్తుంటే, పిట్ట సూది కదలడం చూస్తూ కూర్చుండిపోయింది.

శుక్రవారం మేడమ్ వచ్చారు. నెరిసిన జుట్టు, చేతిలో చిన్న సంచి. అందరికీ నమస్కారం పెట్టి వెనక బెంచీ పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆవిడకీ చెవులు వినపడవని, సైగల భాష నేర్పడంలో పెద్ద టీచరని అక్క ముందే చెప్పింది. అంటే ఆవిడ చూపంతా అక్క చేతుల మీదే. ఒక్క వేలు తప్పు పోయినా కనిపెట్టేస్తారు.

అక్క ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

ఆ రోజు కరెంటు పాఠం. సార్ గ్రూపుకొక బ్యాటరీ, చిన్న బల్బు, రెండు కొసలూ ఒలిచిన తీగలు ఇచ్చారు. తాను చెప్పేదాకా ఎవరూ ఏదీ కలపొద్దన్నారు. మొదట్లో అంతా సాఫీగానే సాగింది. సార్ చెబుతున్నారు, అక్క చేతులు చెబుతున్నాయి, పిట్టకి అన్నీ అర్థమవుతున్నాయి. నిజంగానే తల ఊపుతోంది.

తర్వాత సార్ బొమ్మ గీయడానికి బోర్డు వైపు తిరిగారు. గీస్తూనే మాట్లాడుతున్నారు. అక్క ఒక అడుగు ముందుకి వేసి చెవి అటు పెట్టింది. చేతులు వేగం పెంచాయి. ఏదో కొత్త మాట వచ్చినట్టుంది, దానికి సైగ లేనట్టుంది. అక్క దాన్ని వేళ్లతో అక్షరాలు అక్షరాలుగా చూపించింది. వేళ్లు సీతాకోకచిలుక రెక్కల్లా టపటపలాడాయి. పిట్టకి ఒక్క అక్షరమూ అందలేదు. వెంటనే తీగ అంది, రెండు కొసలంది, బ్యాటరీ అంది. ఆ తర్వాతదీ జారిపోయింది.

సార్ ఇటు తిరిగారు. ఇక మొదలుపెట్టండి అన్నట్టు చెయ్యి ఊపారు.

అక్క పిట్ట వైపు చూసింది. బొటనవేలు లేచింది. "అర్థమైందా?"

వెనక మేడమ్ కుర్చీలోంచి లేచారు. గోడ వెంబడి నడిచి పక్కకి వచ్చి నిలబడ్డారు. ఇప్పుడు ఆవిడ చూస్తున్నది అక్క చేతుల్ని కాదు. పిట్ట ముఖాన్ని.

పిట్ట చేతిలో తీగ ఉంది. గడ్డం కిందకి దిగడం మొదలైంది కూడా. ఒక్క ఊపు ఊపితే అయిపోతుంది. అక్క పాసవుతుంది, ఇక్కడే ఉండిపోతుంది. కానీ ఈ తీగ దేనికి కలపాలి? కప్పులప్పుడూ ఇలాగే కదా ఊపింది. అప్పుడు తల దించుకుని నిలబడింది ఎవరు?

గడ్డం సగంలో ఆగిపోయింది. పిట్ట తీగ కింద పెట్టి చెయ్యెత్తింది. కొత్త చొక్కా ఎక్కడా పట్టలేదు. చెయ్యి పూర్తిగా పైకి లేచింది.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి" అని సైగ చేసింది.

అక్క కళ్లు ఒకసారి మూసుకుని తెరిచింది. తర్వాత నోరు తెరిచి, క్లాసంతటికీ వినపడేలా పలికింది.

"నాకు అర్థం కాలేదు సార్. మళ్లీ చెప్పండి."

పిట్ట మాటని అక్క ఎప్పుడూ 'నేను' అనే చెబుతుంది, 'పిట్ట ఇలా అంటోంది' అనదు. అదీ ఆ పనిలో నియమమే. పాపం సార్ తికమకపడ్డారు. అర్థం కానిది పాపకా, నీకా అని అడిగారు. ఆ ప్రశ్ననీ అక్క చేతులతో చెప్పింది.

"నాకే సార్" అంది పిట్ట. అక్క గొంతు ఆ మాటా పలికింది.

పలికి, ఒక్క క్షణం ఆగింది. జుట్టు వెనక్కి నెట్టుకుని, నోటితోనూ చేతులతోనూ రెండింటితోనూ చెప్పింది.

"ఇది నా మాట సార్. నాకూ సరిగ్గా వినపడలేదు. మీరు బోర్డు వైపు తిరిగి చెప్పారు. ఆ కప్పుల రోజు కూడా అంతే. అడగడానికి మొహమాటపడ్డాను."

లీడర్ చేతిలో తీగ ఉంది. ఒక కొస అప్పటికే బ్యాటరీకి ఒకవైపు పెట్టేసింది, రెండో కొస రెండోవైపుకి తీసుకెళ్తోంది. మధ్యలో బల్బు లేదు. ఆమె ఆ తీగని మెల్లగా తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టేసింది.

అది సార్ చూశారు. సుద్దముక్క పక్కన పెట్టి పిల్లల వైపు తిరిగారు. బల్బు లేకుండా తీగని బ్యాటరీకి రెండువైపులా నేరుగా కలపకూడదనీ, కలిపితే తీగ వేడెక్కి చెయ్యి కాలుతుందనీ, దాన్నే షార్ట్ సర్క్యూట్ అంటారనీ ఈసారి నిదానంగా చెప్పారు. అక్క ఆ మాటని ఒక్కో అక్షరం విడివిడిగా వేళ్ల మీద నిలబెట్టింది.

పిట్ట తీగని బల్బుకి కలిపింది. ఇంకో తీగ అందుకునేలోపే లీడర్ దాన్ని చేతికిచ్చింది. బల్బు వెలిగింది.

గంట కొట్టాక మేడమ్ పిట్టనీ అక్కనీ ఉండమన్నారు. ఆవిడ ముఖంలో ఏమీ తెలియడం లేదు. పిట్ట ఇక ఉండబట్టలేక, కప్పుల తప్పు అక్క ఒక్కర్తిదే కాదనీ, అర్థం కాకుండానే తల ఊపింది తాననీ చెప్పేసింది. మేడమ్ అంతా చూశారు. తర్వాత అక్క వైపు తిరిగారు.

"అర్థమైందా అని అడిగితే ఏ పిల్లయినా ఊ అంటుంది. నేనూ చిన్నప్పుడు అంతే. ఏం అర్థమైందో నువ్వే చెప్పమను. అప్పుడు తెలుస్తుంది."

అక్క సరేనంది. మేడమ్ సంచి భుజాన వేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆగి, పిట్టతో గబగబా ఏదో చెప్పారు. ఆవిడ సైగలు పెద్దవి, వేగమైనవి. వాటిలో రెండు మూడు పిట్ట ఎప్పుడూ చూడనివి. పక్కన అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుపో నవ్వో తెలియడం లేదు.

పెద్దావిడ. వెళ్లిపోయే తొందరలో ఉన్నారు. పిట్ట గడ్డం మళ్లీ కిందకి దిగబోయింది.

ఆగింది.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

మేడమ్ భుజాలు కదిలేలా నవ్వారు. సంచి కింద పెట్టి, వంగి, పిట్ట కళ్లలోకి చూస్తూ ఒక్కొక్కటే చెప్పారు. వచ్చే ఏడాది. ఈ బడి. చివరికి చెవి వెనక వేలు పెట్టి, జుట్టు నెట్టుకున్నట్టు చేశారు.

ఈసారి పిట్టకి అంతా అర్థమైంది. అయినా సరే, చెయ్యెత్తింది.

ఇంకొక్కసారి చెప్పమంది.