తలంబ్రాలకు అందే ఎత్తు

కుప్పం నుంచి మదనపల్లె పోయే బస్సు పుంగనూరు దాటగానే మేక అడ్డమొచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డ లక్ష్మీపతి, సీట్లో ఉన్న ఆదిలక్ష్మి మీదికి ఒరిగాడు. ఒరిగినవాడు లేవలేదు.

“చెయ్యి తియ్యప్పా!” అంది ఆమె.

“తియ్యలేనమ్మా. భుజం జారిండాది.”

“జారేదానికి అదేమన్నా పైటా నాయనా?” అంది వెనక సీటు అవ్వ. బస్సంతా నవ్వింది.

ఆదిలక్ష్మి నవ్వలేదు. అతని మొహం నిండా చెమటలు. మదనపల్లెలో దిగాక కాలేజీ ఎగ్గొట్టి, అతని సంచీ తనే పట్టుకుని, జట్కా మాట్లాడి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

పాత ఆపరేషన్ సంగతి విని, ఎక్స్‌రే చూసి, “పేరు?” అన్నాడు డాక్టరు.

“లక్ష్మీపతి.”

“నీ పేరమ్మా?”

“ఆదిలక్ష్మి.”

“ఇంక అడిగే పనే లేదు. వాలీబాల్ ఆడి జారిందని పోయినేడు మీ ఆయనకు వేసిన స్క్రూ వదులైందమ్మా. మళ్లీ ఆపరేషన్ చెయ్యాల.”

కాదనడానికి ఇద్దరూ నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే డాక్టరు భుజాన్ని దాని చోట్లోకి నెట్టాడు. ఆ కేకలో వివరణ కొట్టుకుపోయింది.

రెండో ఆపరేషన్ మద్రాసులో అయింది. కొన్ని నెలలకు లక్ష్మీపతి పుంగనూరులో ఆమె తండ్రి గంగాధరం బట్టల అంగడికి వచ్చాడు. థ్యాంక్స్ చెప్పి, మొహమాటానికి ఒక తువ్వాలు కొన్నాడు. తర్వాత నెలా కొన్నాడు. ఆ తర్వాతా కొన్నాడు.

“మీ ఇంట్లో ఎంతమందప్పా నీళ్లు పోసుకునేది?” అన్నాడు గంగాధరం.

అతను కుప్పం హైస్కూల్లో లెక్కల అయ్యవారని తెలుసుకుని, ఆయనే సంబంధం అడిగించాడు. వద్దన్నది లక్ష్మీపతి.

మళ్లీ వచ్చినప్పుడు అంగడి మెట్ల దగ్గరే పట్టుకుంది ఆదిలక్ష్మి. “యాల వద్దన్నావు?”

“చెయ్యి భుజం కంటే పైకి లేయడంలా. ఈడ గిల్లినా తెలీదు. మళ్లీ జారదని డాక్టరే చెప్పలేడంట. నీ తల మీద తలంబ్రాలు గూడా పొయ్యలేను.”

ఆమె చొక్కా మీదుగా భుజం గిల్లి చూసింది. అతనికి నిజంగానే తెలియలేదు.

“మళ్లీ జారితే జట్కా మాట్లాడతా. దోవ తెలుసు గదా. తలంబ్రాలకు నేనే తల వంచుతా. ఆ ఒక్కపూటే. అలవాటు చేసుకోవద్దు.”

లక్ష్మీపతి అంగడి మెట్టెక్కాడు. “అయితే ఇంకో తువ్వాలు ఇప్పించు” అన్నాడు.

పెళ్లిలో ఆదిలక్ష్మి అతని ఛాతీ దాకా తల వంచింది. అతను రెండు చేతులా తలంబ్రాలు పోశాడు.

“సూడండి, ఎంత అణకువో!” అని మురిసిపోయింది పెళ్లికూతురి మేనత్త రుక్మిణమ్మ. పెళ్లికొడుకు నవ్వాపుకోలేక పెదవి కొరుక్కున్నాడు.

ఆ నవ్వు చూసి, పక్కన కూర్చున్న అణకువగల పిల్ల కండువా చాటుగా అతని భుజం గిల్లింది.

“అబ్బా!”

మంత్రం ఆగింది. గంగాధరం పరుగెత్తుకొచ్చాడు. “జారిందా నాయనా?”

“లేదు మామా...” లక్ష్మీపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. “తెలిసింది.”

కంట్లో అక్షింత పడిందేమోనని అందరూ అనుకున్నారు. తలంబ్రాలు అయిపోయాయి, ఈసారి వంగాల్సిన అవసరమేమీ లేదు. అయినా ఆదిలక్ష్మి ఇంకోసారి తల వంచింది.